మ్యూజిక్ వీడియోలు అప్పట్లా ఎందుకు లేవు? ఒక ఎడిటర్ జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎనభైలు, తొంభైల్లో పాప్ వీడియో అంటే చిన్న సినిమాలా ఉండేది. ఇప్పుడేమో ఒకే గదిలో రంగు లైట్లేసి డాన్స్ చేయించి వదిలేస్తున్నారు. వీడియోలు దిగజారాయా, లేక నాకే వయసైపోతోందా? ఇంకోటి, మా ఫ్రెండ్స్ బ్యాండ్ తమ మొదటి పాటకి వీడియో తీద్దామనుకుంటోంది. డబ్బు పెట్టడం దండగేనా?"

ముందు వయసు సంగతి తేల్చేద్దాం. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి వీడియోలు కోసి అతికించడమే నా పని, కాబట్టి చెప్పగలను, అప్పటివన్నీ గొప్పవేం కావు. పొగ మిషను, గాలికి ఎగిరే తెల్ల కర్టెన్లు, ఏ కారణం లేకుండా స్లో మోషన్‌లో పగిలే గాజు, వర్షంలో తడుస్తూ సాక్సోఫోన్ వాయించే పెద్దమనిషి, ఇవే మార్చి మార్చి వచ్చేవి. ఆ చెత్తంతా కాలం ఊడ్చేసింది, మీకు గుర్తున్నవి మిగిలిన పదో పన్నెండో. ఇప్పటి చెత్త ఇంకా ఎవరూ ఊడవలేదు, కళ్ల ముందే ఉంది, అందుకే ఎక్కువగా అనిపిస్తుంది.

అయినా మీరు చెప్పిన తేడా మాత్రం నిజం. దానికి కారణం డైరెక్టర్లకి బుర్ర తగ్గడమో, పాడేవాళ్లకి శ్రద్ధ తగ్గడమో అని నేననుకోను. ఏ కాలంలో చూసినా వీడియో ఆకారాన్ని తేల్చింది ఒక్కటే: చూసేవాడు మధ్యలో లేచిపోవాలంటే ఎంత కష్టపడాలి? లేచిపోవడం కష్టమైన రోజుల్లో తీసేవాడు తీరిగ్గా కథ చెప్పాడు. బొటనవేలు కదిపితే చాలనే రోజులొచ్చాక మొదటి మూడు సెకన్లలోనే కాళ్లావేళ్లా పడుతున్నాడు. డబ్బు, కెమెరాలు, ఫ్యాషన్లు అన్నీ దీని వెనకాలే నడిచాయి. సినిమా పాటల గురించి కాదు నేను చెప్పేది, అవి కథలో భాగం, టికెట్ కొన్నాక చూసేవి. మ్యూజిక్ వీడియో పుట్టిందే పాటని అమ్మే ప్రకటనగా.

చాలామంది ఇదంతా ఎంటీవీ అనే అమెరికా పాటల ఛానెల్‌తో మొదలైందనుకుంటారు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1940లో, అమెరికాలో పానోరమ్ అని ఒక యంత్రం వచ్చింది. బీరువా అంత పెట్టె, లోపల 16 ఎంఎం ప్రొజెక్టర్, పైన చిన్న తెర. నాణెం వేస్తే మూడు నిమిషాల పాట బొమ్మ ఆడేది, వాటిని సౌండీలనేవారు. అందులో తమాషా ఏమిటంటే పాట ఎంచుకునే వీల్లేదు. ఒకే రీలుకి ఎనిమిది పాటలు అతికించి ఉండేవి, నాణెం వేసినవాడికి వరసలో ఏది ఉంటే అదే. తర్వాత 1960లో ఫ్రాన్స్‌లో స్కోపిటోన్ వచ్చింది, రంగుల్లో, ఈసారి మీట నొక్కి కావలసిన పాట పెట్టుకోవచ్చు. అంతే, బొమ్మల తీరు మారిపోయింది. బార్లలో జనం కన్ను తిప్పితే మళ్లీ నాణెం పడదు కాబట్టి స్కోపిటోన్ పాటల నిండా చురుకైన రంగులు, పొట్టి దుస్తుల డాన్సర్లు, అర్థం పర్థం లేని ఊపు. ఇప్పటి రీల్స్ చూసి ముక్కు విరిచేవాళ్లు ఓసారి పాత స్కోపిటోన్లు చూడాలి, చుట్టరికం తెలిసిపోతుంది.

అరవైల్లో వచ్చిన ప్రోమోల, అంటే పాట ప్రచారానికి తీసిన చిన్న ఫిల్ముల, కథ వేరు. 1965లో బాబ్ డిలన్ లండన్‌లో ఒక హోటల్ వెనక సందులో నిలబడి, పాటలోని మాటలు రాసిన అట్టలు ఒక్కొక్కటీ చూపిస్తూ పారేస్తూ పోయాడు. డి.ఎ. పెన్నెబేకర్ తీసిన డాక్యుమెంటరీకి అది మొదటి సన్నివేశం. కట్ లేదు, డాన్స్ లేదు, పెదాలు కూడా కదపలేదు. ఇవాళ లిరిక్ వీడియో అని పిలుస్తున్నదానికి తాత అదే. మరుసటి ఏడాది బీటిల్స్‌ది ఇంకా తేలికైన లెక్క. ప్రతి దేశపు టీవీ స్టూడియోకీ స్వయంగా తిరగలేక, 'పేపర్‌బ్యాక్ రైటర్', 'రెయిన్' పాటలకి మైకేల్ లిండ్సే-హాగ్‌తో చిన్న ఫిల్ములు తీయించి వాటినే పంపించేశారు. మనిషికి బదులు రీలు వెళ్లడమన్నమాట. ప్రయాణం బద్ధకంలోంచి ఒక కళారూపం పుట్టిందనుకుంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

క్వీన్ వాళ్ల 'బొహీమియన్ రాప్సోడీ'కి కూడా అలాంటి అవసరమే. 1975 నవంబరులో టీవీ షోలో ఆ పాటకి పెదాలు కదపాలంటే నవ్వులపాలవుతారు. మధ్యలో వచ్చే ఆపెరా ముక్కలో ఒక్కో గొంతు మీద ఇంకో గొంతు ఎన్నోసార్లు పేర్చి రికార్డు చేశారు, నలుగురు నిలబడి దాన్ని నటించడం ఎలా? బ్రూస్ గోవర్స్ దర్శకత్వంలో వీడియో టేపు మీద దాదాపు నాలుగు గంటల్లో షూటింగ్ ముగించారు. ఒక ముఖం పదిగా మారి వెనక్కి వెనక్కి పోయే ఆ ఎఫెక్టు కంప్యూటర్‌ది కాదు. కెమెరాని అదే కెమెరా బొమ్మ కనిపిస్తున్న మానిటర్ వైపు తిప్పితే అద్దానికి అద్దం చూపించినట్టు బొమ్మలో బొమ్మ పుట్టుకొస్తుంది. నాలుగు ముఖాల గుంపు కోసం లెన్సు ముందు పట్టకం పెట్టారు. కేవలం నాలుగు గంటల పని, 2019లో యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటింది. ఆర్నెల్లు తీసినవి నామరూపాల్లేకుండా పోయాయి.

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైంది. మొదట వేసిన పాట బగుల్స్ వారి 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్', అదీ 1979లోనే తీసింది. ఇరవై నాలుగు గంటల ఛానెల్ అయితే పెట్టారు గానీ వేయడానికి వాళ్ల దగ్గర వీడియోలు చాలినన్ని లేవు. బ్రిటన్‌లో ప్రోమోలు తీసే అలవాటు అప్పటికే ఉంది కాబట్టి అక్కడి బ్యాండ్లకి పండగైంది. డురాన్ డురాన్ వాళ్లు డైరెక్టర్ రసెల్ మల్కాహీని వెంటబెట్టుకుని శ్రీలంక అడవుల్లోకీ, ఆంటిగ్వా సముద్రంలోకీ పోయి తీసినవి రోజుకి ఎన్నిసార్లు తిరిగాయో. ఆ మల్కాహీయే బగుల్స్ వీడియో కూడా తీశాడు. పాట రేడియోలో బాగుంటే చాలదు, మనిషి తెర మీద కూడా బాగుండాలనే గొడవ అప్పుడే ముదిరింది.

ఇక్కడ ఒక మచ్చ ఉంది, దాటేసి పోకూడదు. తొలి ఏళ్లలో ఆ ఛానెల్‌లో నల్లజాతి కళాకారులు కనిపించడమే అరుదు. 1983లో డేవిడ్ బోవీ తనని ఇంటర్వ్యూ చేస్తున్న ఆ ఛానెల్ మనిషినే ఎదురు ప్రశ్న వేశాడు, మీరు నల్లవాళ్ల వీడియోలు ఎందుకు వేయరని. అదే ఏడాది మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' ఆ గోడని బద్దలు కొట్టింది. డిసెంబరులో 'థ్రిల్లర్' వచ్చింది, దాదాపు 14 నిమిషాలు, జాన్ లాండిస్ దర్శకత్వం, రిక్ బేకర్ మేకప్. ఈ ఖర్చు గురించి జనానికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఆల్బమ్ అప్పటికే అమ్ముడైపోయిందని రికార్డు కంపెనీ అంత డబ్బు పెట్టడానికి ఇష్టపడలేదు. అప్పుడు వీడియో ఎలా తీశారో చూపించే డాక్యుమెంటరీ కూడా తీస్తామని చెప్పి, దాని హక్కులు ఎంటీవీకి, షోటైమ్ ఛానెల్‌కి అమ్మి ఆ డబ్బుతో తీశారు. తర్వాత క్యాసెట్టుగా కూడా అమ్మారు. ప్రకటన అనుకున్నదాన్ని జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు. 14 నిమిషాలు కథ చెప్పే ధైర్యం ఎలా వచ్చిందంటారా, రిమోట్ తిప్పితే ఆ పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడే చూడాలి, లేదా పోగొట్టుకోవాలి. చూసేవాడు కదలడు, ఆ భరోసాతో తీశారు.

ఈ భరోసా ఉన్న కాలంలోనే చేతిపని కూడా పతాక స్థాయికి వెళ్లింది. నాకు బాగా ఇష్టమైన రెండు వీడియోలు 1985, 86ల్లో వచ్చాయి. మొదటిది ఆ-హా వాళ్ల 'టేక్ ఆన్ మీ'. దీనికి 1984లో ఒక వీడియో తీశారు, నీలం తెర ముందు బ్యాండ్ వాయించడం, అంతే, ఎవరూ పట్టించుకోలేదు. పాటని మళ్లీ రికార్డు చేసి, స్టీవ్ బ్యారన్ చేత రెండో వీడియో తీయించారు. అమ్మాయి చదువుతున్న బొమ్మల పుస్తకంలోంచి పెన్సిల్ గీతల చెయ్యి బయటికి వస్తుందే, అదే. ముందు మామూలుగా షూట్ చేసి, ఒక్కో ఫ్రేమ్ మీదా చేత్తో పెన్సిల్ బొమ్మ గీశారు, దాదాపు 3,000 ఫ్రేములు, 16 వారాలు. గీతలు వణుకుతున్నట్టు ఉంటాయి చూడండి, ప్రతి ఫ్రేమూ విడిగా గీసినందువల్ల వచ్చిన వణుకు అది, ఆ వణుకే దాని ప్రాణం. ఇప్పుడు ఫోన్‌లో ఫిల్టర్ వేస్తే పెన్సిల్ బొమ్మ వస్తుంది గానీ ఆ వణుకు రాదు.

రెండోది పీటర్ గాబ్రియేల్ 'స్లెడ్జ్‌హ్యామర్'. స్టీఫెన్ జాన్సన్ దర్శకత్వం, ఆర్డ్‌మన్ స్టూడియో, క్వే సోదరుల చేతిపని. మనిషిని బొమ్మలా వాడి స్టాప్ మోషన్ చేశారు, అంటే ఒక్క ఫ్రేమ్ తీసి, ముఖం చుట్టూ పళ్లో రైలు పట్టాలో కొంచెం జరిపి, మళ్లీ ఒక్క ఫ్రేమ్. గాబ్రియేల్ గాజు పలక కింద 16 గంటలు కదలకుండా పడుకున్నాడు. అంత పెద్ద స్టార్, తలుపులు మూసిన స్టూడియోలో, ముఖం మీద వస్తువులు జరుగుతుంటే పలకరించే దిక్కు లేకుండా! 1987 ఎంటీవీ అవార్డుల్లో దానికి తొమ్మిది వచ్చాయి, ఒక్క వీడియోకి అన్ని మళ్లీ ఎవరికీ రాలేదు.

మా పనిలో చిట్కాలు అడుగుతారు కాబట్టి ఒకటి చెబుతాను. పాడేవాడు పెదాలు సరిగ్గా కదుపుతుంటాడు గానీ జుట్టు, బట్టలు, వాన చినుకులు మాత్రం స్లో మోషన్‌లో తేలుతుంటాయి, అదెలా అనుకున్నారా? షూటింగ్‌లో పాటని రెట్టింపు వేగంతో వాయిస్తారు, పాడేవాడు అంత వేగంగానూ పెదాలు కదపాలి, కెమెరా కూడా రెట్టింపు ఫ్రేములతో తీస్తుంది. మామూలు వేగంలో నడిపితే పెదాలు పాటకి కలుస్తాయి, మిగతా లోకం నెమ్మదిస్తుంది. కోల్డ్‌ప్లే 'ఎల్లో'లో సముద్రపు ఒడ్డున నడక అలా తీసిందే. వాళ్లదే 'ది సైంటిస్ట్'లో అంతకంటే ఘోరం, కథంతా వెనక్కి నడుస్తుంది కాబట్టి గాయకుడు క్రిస్ మార్టిన్ పాటనంతా చివర్నుంచి మొదటికి పాడటం నేర్చుకున్నాడు, అందుకు నెల పట్టింది. మొదటిసారి ఒక కుర్రాడి చేత ఈ రెట్టింపు వేగం పని చేయించినప్పుడు, మూడో టేక్‌కే దవడ నొప్పి అని కూర్చుండిపోయాడు పాపం. అప్పట్నుంచి చరణం మొత్తం కాకుండా నాలుగు లైన్లే తీసి, మిగతాచోట ఆకాశం చూపిస్తున్నా.

తొంభైల్లో డబ్బు వరదలా వచ్చి పడింది. సీడీలు విపరీతంగా అమ్ముడవుతున్న రోజులు. 1991లో మైకేల్ జాక్సన్ 'బ్లాక్ ఆర్ వైట్'లో ఒక ముఖం కరిగి ఇంకో ముఖం అవుతుంటే నోరు తెరుచుకుని చూశాం, అది కంప్యూటర్ మార్ఫింగ్. ఆరేళ్ల ముందే గాడ్లీ, క్రీమ్ అనే ఇద్దరు 'క్రై' అనే పాటలో అదే పని కంప్యూటర్ లేకుండా, ఒక ముఖం మీద ఇంకో ముఖాన్ని నెమ్మదిగా కలుపుతూ చేశారు, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. 1992 చివర్లో ఎంటీవీ పాటతో పాటు డైరెక్టర్ పేరు కూడా తెర మీద వేయడం మొదలుపెట్టింది. చిన్న మార్పే, కానీ స్పైక్ జోన్జ్, మిషెల్ గాండ్రీ, మార్క్ రోమనెక్, హైప్ విలియమ్స్ లాంటి పేర్లు మామూలు కుర్రాళ్ల నోళ్లలో నానడానికి అది కూడా ఒక కారణం. మైకేల్, జానెట్ జాక్సన్‌ల 'స్క్రీమ్'కి 1995లో 70 లక్షల డాలర్లు అయ్యాయని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు, డైరెక్టర్ రోమనెక్ మాత్రం అంత కాలేదంటాడు. అదే దశాబ్దం చివర్లో జోన్జ్, ఫ్యాట్‌బాయ్ స్లిమ్ 'ప్రెయిజ్ యూ'ని సినిమా హాలు బయట, అనుమతి లేకుండా, తనే డాన్సు చేస్తూ తీశాడు. ఖర్చు 800 డాలర్లు. మధ్యలో హాలు సిబ్బంది ఒకాయన వచ్చి టేప్ రికార్డర్ కట్టేయడం కూడా వీడియోలో ఉంది. అవార్డులు మూడొచ్చాయి.

'ఒకే గది' అని మీరు విసుక్కున్నారు కదా. జమీరోక్వాయ్ 'వర్చువల్ ఇన్‌శానిటీ' ఒకే గది. నేల జారుతున్నట్టు, సోఫాలు తమంతట తాము నడుస్తున్నట్టు ఉంటుంది. నిజానికి నేల కదల్లేదు, గోడలు కదిలాయి, కెమెరా ఆ గోడలతో పాటే కదిలింది. షినేడ్ ఓ'కానర్ 'నథింగ్ కంపేర్స్ టు యు'లో అయితే గది కూడా సరిగా లేదు, చాలాసేపు ఒక్క ముఖమే, రెండు కన్నీటి చుక్కలు. గది ఒకటే అయినంత మాత్రాన తప్పు కాదు, ఆ గదిలో ఏం చేశారన్నదే.

ఈ వరదలో బయటికి చెప్పుకోని సంగతి ఒకటుంది. వీడియో ఖర్చు కంపెనీ పెడుతుందని జనం అనుకునేవారు. పెట్టేది కంపెనీయే, కానీ చాలా ఒప్పందాల్లో ఆ ఖర్చులో సగమో, మొత్తమో పాడినవాళ్లకి రావలసిన రాయల్టీలోంచి తర్వాత కోసుకునేవారు. అంటే ఆ హెలికాప్టర్ షాట్ అద్దె చివరికి పాడినవాడి జేబులోంచే పోయింది. వీడియోలు బాగా తిరిగి, పాట హిట్టయి, చేతికి చిల్లిగవ్వ రాని బ్యాండ్లతో నేను పని చేశాను. వాళ్లు ఎడిటింగ్ గదికి వచ్చి ప్రతి ఖరీదైన షాట్‌కీ 'ఇది ఉంచు, డబ్బులు పోశాం' అనేవారు, షాట్ బాగున్నా బాగోకపోయినా.

తర్వాత రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. ఎంటీవీ మెల్లగా రియాలిటీ షోల వైపు జరిగింది. 1998లో మొదలైన కౌంట్‌డౌన్ షోలో పాటల్ని మొత్తం వేయకుండా ముక్కలే వేసేవారు, మధ్యలో అభిమానుల కేకలు. నాలుగు నిమిషాల కథ తీసి ఇస్తే నలభై సెకన్లు వేస్తారు, అదీ క్లైమాక్స్ లేకుండా. 1999లో ఇంటర్నెట్‌లో పాటలు ఊరికే పంచుకునే నాప్‌స్టర్ వచ్చి సీడీల అమ్మకాలకి గండి కొట్టింది. నాలుగైదేళ్లలోనే మాకు వచ్చే బడ్జెట్లు పాతదాంట్లో పదో వంతుకి పడిపోయాయి. నాకు తెలిసిన మంచి కెమెరామన్లు ప్రకటనల్లోకి వెళ్లిపోయారు. ఇంక ఈ పని అయిపోయింది, వేరే ఏదైనా చూసుకోవాలని నేనూ అనుకున్నా.

అప్పుడొచ్చింది యూట్యూబ్, 2005లో. మరుసటి ఏడాది ఓకే గో అనే బ్యాండ్ ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద డాన్స్ చేసి, ఒక్క కట్ లేకుండా, కదలని కెమెరాతో తీసి పెట్టింది. 17వ టేక్ బాగా కుదిరింది. గాయకుడి అక్క ట్రిష్ సీ డాన్స్ సమకూర్చి డైరెక్ట్ చేసింది, దానికి గ్రామీ కూడా వచ్చింది. అందులో పాఠం ఏమిటంటే, చిన్న మసక పెట్టెలో, నిదానమైన ఇంటర్నెట్‌లో కూడా అర్థమయ్యే ఒకే ఒక ఆలోచన. 'ట్రెడ్‌మిల్లుల మీద డాన్స్' అని నాలుగు మాటల్లో ఫ్రెండ్‌కి చెప్పగలగాలి, లింకు పంపగలగాలి. తర్వాత వాళ్ల రికార్డు కంపెనీ వీడియోని వేరే సైట్లలో పెట్టుకునే సదుపాయం ఆపేసింది, ఒక్కో వ్యూకి రావలసిన పైసలు దక్కట్లేదని. చూసేవాళ్లు 90 శాతం తగ్గిపోయారని ఆ గాయకుడు పత్రికలో రాశాడు. 2010లో బ్యాండ్ ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చేసింది. కొమ్మ మీద కూర్చుని మొదలు నరుక్కోవడం అంటే అదే.

2008లో కానన్ 5డి మార్క్ 2 అనే స్టిల్ కెమెరా మంచి వీడియో కూడా తీయడం మొదలుపెట్టాక, వెనక మసకగా ముఖం మాత్రం స్పష్టంగా ఉండే ఆ 'సినిమా లుక్' ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. ఓ మూడేళ్లు ప్రతి వీడియో మసకే.

అసలు మలుపు మాత్రం లెక్క. టీవీ రోజుల్లో ఎంతమంది చూశారో ఎవరికీ కచ్చితంగా తెలియదు, ఇప్పుడు వీడియో కిందే అంకె కనిపిస్తుంది. 2012 జూలైలో వచ్చిన 'గ్యాంగ్నమ్ స్టైల్' డిసెంబరు 21కల్లా 100 కోట్లు దాటిన మొదటి యూట్యూబ్ వీడియో అయింది. రెండేళ్లకి 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటబోతుంటే యూట్యూబ్ తన కౌంటర్‌నే మార్చుకోవలసి వచ్చింది, పాతదానికి అంతకు మించి లెక్క పెట్టడం రాదు. 2013 ఫిబ్రవరిలో అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్, హిట్ పాటలకి ర్యాంకులిచ్చే తన హాట్ 100 చార్టులో యూట్యూబ్ వ్యూస్ కూడా కలిపింది. అంతవరకు పాటని అమ్మడానికి వీడియో, అక్కణ్నుంచి 2026 జనవరి దాకా వీడియో చూస్తే పాట చార్టులో పైకి పోయేది. 2020లో బీటీఎస్ 'డైనమైట్' ఒక్క రోజులో 10 కోట్లు దాటింది, అభిమానులు పనిగట్టుకుని కూర్చుని చూశారు. మళ్లీ మళ్లీ చూడాలంటే కథ అడ్డం. కథ ఒకసారి తెలిస్తే అయిపోతుంది, స్టెప్పు అలా కాదు.

మీరడిగిన 'ఒకే గది, రంగు లైట్లు, డాన్స్'కి జవాబు ఇక్కడుంది. కాళ్ల నుంచి తల దాకా ఫ్రేములో కనిపించాలి, కట్స్ తక్కువ ఉండాలి, అప్పుడే చూసేవాళ్లు నేర్చుకుని తమ ఫోన్ల ముందు చేసి పెడతారు. వాళ్లు పెట్టే లక్ష వీడియోలే అసలు ప్రచారం, కంపెనీ తీసింది వాటికి నమూనా. కొరియా వాళ్లు దీన్ని శాస్త్రంలా చేశారు: ఒక పాటకి టీజర్లు, అసలు వీడియో, డాన్స్ ప్రాక్టీస్ వీడియో, ఒక్కో సభ్యుడి మీదే నిలిపిన కెమెరా వీడియో, అన్నీ విడివిడిగా. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పనుల్లో కూడా ఒక్క వీడియో అనేది లేదు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, 15 సెకన్లవి ఆరు, లిరిక్ వీడియో, స్పాటిఫైలో పాట వెనక తిరిగే 3 నుంచి 8 సెకన్ల బొమ్మ ఒకటి. ఈమధ్య ఒక మేనేజర్ (పేరొద్దు) నా కట్ చూసి, 'మొదటి సెకన్లో ముఖం లేదు' అన్నాడు. 'రెండో సెకన్లో వస్తుందండి' అన్నాను. 'అప్పటికి వెళ్లిపోతారు' అన్నాడు. కోపం వచ్చింది గానీ, వాడు చూపించిన గ్రాఫులో నిజంగానే వెళ్లిపోయారు.

అయినా పెద్ద వీడియో చచ్చిపోలేదు, దాన్ని కోరి వెతుక్కుని వచ్చేవాళ్ల దగ్గరికి మారింది. బియాన్సే 2016లో 'లెమనేడ్'ని గంట నిడివి ఫిల్ముగా టీవీలో వేసింది. 2013లో ఫారెల్ 'హ్యాపీ'కి 24 గంటల వీడియో పెట్టాడు, గడియారం తిప్పి ఏ సమయానికైనా దూకొచ్చు. 2018లో చైల్డిష్ గాంబినో 'దిస్ ఈజ్ అమెరికా'కి హిరో మురాయ్ చేసిన పని అయితే నేను కుర్రాళ్లకి పాఠంలా చూపిస్తాను: ముందు మనిషి డాన్స్ చేస్తుంటే మన కళ్లు అతని మీదే, వెనక జరిగే గందరగోళం రెండోసారి చూస్తే గాని కనిపించదు. మళ్లీ చూడాలనే కోరికని కథకే తగిలించాడు. అది తెలివి.

పాత వీడియోలు యూట్యూబ్‌లో మసకగా ఉంటాయేం అని కూడా చాలామంది అడుగుతారు. తీసింది మంచి ఫిల్ము మీదే, కానీ ఎడిటింగ్, ఎఫెక్టులు వీడియో టేపు మీద చేసేవాళ్లం, ఆ టేపుకి పాత టీవీ తెరంత స్పష్టతే. ఇప్పుడు 4కెలో కావాలంటే నెగెటివ్‌లు వెతికి, మళ్లీ స్కాన్ చేసి, కట్ కట్‌కీ పాతదానితో సరిచూస్తూ మొదట్నుంచి ఎడిట్ చేయాలి. 'టేక్ ఆన్ మీ', వామ్ వాళ్ల 'లాస్ట్ క్రిస్మస్' 2019లో అలా కొత్తగా మెరిశాయి. నేను పని చేసిన మూడు వీడియోల నెగెటివ్‌లు మాత్రం ఒక కంపెనీ గోడౌన్ ఖాళీ చేసినప్పుడు చెత్తలోకి పోయాయి. మిగిలింది ఎవరో టీవీ నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్ కాపీ, కింద ఛానెల్ గుర్తుతో సహా.

ఏఐ గురించి అడగకముందే చెబుతున్నా. 2024లో వాష్డ్ అవుట్ అనే కళాకారుడి పాటకి పాల్ ట్రిల్లో అనే డైరెక్టర్ మొత్తం వీడియోని, మాటలు రాసిస్తే బొమ్మ ఆడించే సోరా అనే ఏఐతో చేశాడు, ఆగకుండా ముందుకు దూసుకుపోయే కెమెరా ఒక్కటే దాని ఊహ. బాగానే ఉంది, కానీ గుర్తుండే ముఖం ఒక్కటీ లేదు.

ఇక మీ ఫ్రెండ్స్ బ్యాండ్ సంగతి. డబ్బు పెట్టండి, కానీ ఒక్క వీడియోకే అంతా పోయకండి. నాలుగు మాటల్లో చెప్పగలిగే ఒక ఆలోచన దొరికేదాకా కెమెరా అద్దెకి తీసుకోవద్దు. దొరికాక మధ్యలో మనుషుల్ని ఉంచి, నిలువుగా కోసినా తలలు తెగకుండా ఫ్రేము పెట్టండి. పాట మొత్తం ఒకే టేకులో కనీసం మూడుసార్లు తీయండి, ఎడిటింగ్‌లో ఏ తిప్పలొచ్చినా అవే కాపాడతాయి. డ్రోన్ వద్దు. గాయని గొంతు బాగుండి కెమెరా ముందు బిగుసుకుపోతుంటే అట్టల మీద మాటలు రాయించి సందులో నిలబెట్టండి, అరవై ఏళ్లయినా అది పాతబడలేదు. రా ఫుటేజీ మొత్తం రెండు హార్డ్ డిస్కుల్లో రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. ఒకటి డ్రమ్మర్ దగ్గర మాత్రం పెట్టకండి, బ్యాండ్ విడిపోతే మొదట వెళ్లిపోయేది అతనే.